ట్యూషన్ కోసం తిరిగే ముందు ఒక సాయంత్రం పిల్లతో కూర్చోండి

కొత్త కాలనీకి మారామని, ఏడో తరగతి చదివే మీ అమ్మాయికి లెక్కలు అందడం లేదని, మూడో తరగతి అబ్బాయికి మాత్రం బడి చదువు చాలక విసుగు పుడుతోందని రాశారు. ఎవరూ తెలియని చోట మంచి ట్యూషన్‌నూ, పిల్లలకు పనికొచ్చే వ్యాపకాలనూ ఎలా వెతుక్కోవాలని అడిగారు. నాలుగేళ్ల కిందట నాది సరిగ్గా ఇదే పరిస్థితి. ఇద్దరు పిల్లలు, దాదాపు ఇవే ఇబ్బందులు. మీరు ముందే అడుగుతున్నారు. నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాక అడిగాను.

ఆ ఆరు నెలల సంగతి ముందు చెబుతాను. ఇంటికి దగ్గర, మాకు వీలైన వేళ, పక్కింటి పిల్లలు కూడా వెళ్తున్నారు. ఈ మూడు కారణాలు చూసుకుని అమ్మాయిని ఒక ట్యూషన్‌లో చేర్చాను. వీటిలో చదువుకు సంబంధించిన కారణం ఒక్కటీ లేదని అప్పుడు తోచనేలేదు. ఒకే గదిలో పాతిక మంది, నాలుగు తరగతుల వాళ్లు కలిసి కూర్చునేవారు. హోంవర్క్ రోజూ పూర్తయ్యేది. నోటు పుస్తకం తెరిస్తే ముచ్చటేసేది. మార్కులు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఒకరోజు అదే పుస్తకంలోని లెక్క ఒకటి అంకెలు మార్చి ఇస్తే, అమ్మాయి కాసేపు చూసి పెన్ను కింద పెట్టింది. బోర్డు మీది లెక్కను అందంగా ఎత్తి రాయడమే ఇన్నాళ్లూ జరిగిన చదువు. ఆ మాస్టారిని తప్పు పట్టను. పాతిక మందిలో ఎవరు ఎక్కడ ఆగారో చూసే తీరిక ఆయనకు ఎక్కడుంటుంది?

తర్వాత మా మేడ మీది వాటాలో ఉండే డిగ్రీ విద్యార్థినిని అడిగాను. గణితం చదువుతున్న అమ్మాయి. మొదటి రోజు ఏడో తరగతి పుస్తకం తెరవనే లేదు. నాలుగు, ఐదు, ఆరు తరగతుల లెక్కలు పది ఏరి తెచ్చి, చేస్తూ చేస్తూ పైకి చెప్పమంది. నాలుగో లెక్క దగ్గరే దొరికింది. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అంటే మా అమ్మాయి లవాలను కూడి, హారాలను కూడి ఐదింట రెండు వంతులని రాసింది. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే ఏమాత్రం తడుముకోకుండా ‘ఎనిమిదే కదా పెద్దది’ అంది. అంటే చిక్కు రెండేళ్ల వెనక, భిన్నాల దగ్గర ఉంది. శాతాలు, నిష్పత్తులు, బీజగణితం అన్నీ దాని మీద కట్టినవే కాబట్టి అవీ కుంటుతున్నాయి. మేమేమో పైఅంతస్తుకు సున్నం వేయిస్తూ కూర్చున్నాం.

అందుకే ట్యూషన్ వెతకడానికి ముందు ఒక సాయంత్రం మీరే ఆ పని చేయండి. కింది తరగతుల పుస్తకాలు తీసుకుని ఒక్కోదాని నుంచి మూడు నాలుగు లెక్కలు ఇవ్వండి. జవాబు తప్పయినా నోరు మెదపకండి. ఎలా చేశావో చెప్పమని మాత్రం అడగండి. ఇది చెప్పినంత తేలిక కాదు. పది నిమిషాలకే నాకు గొంతు లేవబోయింది. మీకూ అలాగే అయితే మీ ఇంట్లో ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లను కూర్చోబెట్టండి. ఆ సాయంత్రం ముగిసేసరికి ‘లెక్కలు రావు’ అన్న ఫిర్యాదు పోయి ‘భిన్నాల కూడిక రాదు’ అనో, ‘రుణ సంఖ్యల దగ్గర తడబడుతోంది’ అనో తేలుతుంది. అంత స్పష్టంగా అడిగినప్పుడు సాయం చేయగలవాళ్లు కూడా సులువుగా దొరుకుతారు. కంటి పరీక్ష చేయించి చాలాకాలమై ఉంటే అదీ ఒకసారి చేయించండి. బోర్డు మసకగా కనిపిస్తున్నా, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుని పైకి చెప్పని పిల్లలుంటారు.

ఇంటర్నెట్‌లో వీడియో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ కూడా ఇలాంటి ఒక చిన్న చిక్కు దగ్గరే మొదలైంది. 2004లో సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు, అదే పేరున్న వేరే ఆయన) దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి ఫోనులోనూ ఇంటర్నెట్‌లోనూ లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి చిక్కుపడి ఆగింది కొలమానాల మార్పిడి అనే ఒక్క అంశం దగ్గర. 2008లో అది లాభాపేక్ష లేని సంస్థగా మారింది. పాఠాలన్నీ ఉచితం. మేమూ వాడుకున్నాం. కానీ మా అమ్మాయి వీడియోను హాయిగా చూసేసి ‘అర్థమైంది’ అనేది. ఆపి ఒక లెక్క ఇస్తే అర్థం కాలేదని తేలేది. పక్కన మనిషి ఉంటేనే అది మాకు పనికొచ్చింది.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పించాలా, గుంపులో చెప్పిస్తే సరిపోతుందా అన్న సందేహం మీకు తప్పకుండా వస్తుంది. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా మనస్తత్వవేత్త రాసిన వ్యాసం ఒకటి ఈ చర్చల్లో పదే పదే వినిపిస్తుంది. విడిగా బోధన అందుకున్న సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మంది కంటే ముందుంటారని అందులో ఉంది. ప్రకటనల్లో ఆ అంకె కనిపిస్తే కాస్త ఆగండి. 2011లో కర్ట్ వాన్‌లేన్ అనే పరిశోధకుడు అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, బ్లూమ్ చెప్పిన రెండు ప్రామాణిక విచలనాల లాభం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత ఇది, ఆ 98 శాతం దీని నుంచి వచ్చిందే) 0.79కి దిగింది. అదీ తక్కువేమీ కాదు. ఇంకో సంగతి, బ్లూమ్ చెప్పిన బోధన ఒక్కరికే కానక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు పిల్లలకు కలిపి కూడా కావచ్చు. మధ్య మధ్య చిన్న పరీక్షలు పెట్టి, తప్పులు దిద్ది, మళ్లీ పరీక్షించడం అందులో భాగం. కాబట్టి ఒకే చోట ఆగిపోయిన ఇద్దరు ముగ్గురిని జతచేస్తే ఖర్చు పంచుకోవచ్చు, చదువుకు లోటూ రాదు. మా అమ్మాయికి ఒక తోడు దొరికాక ఏడుపు ముఖం తగ్గింది కూడా. వారానికి ఒక్కరోజు రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే మూడు రోజులు అరగంట చొప్పున కూర్చోబెట్టడమే మాకు కలిసొచ్చింది.

ఎవరినైనా కుదుర్చుకునే ముందు ఒక క్లాసు చూడనివ్వమని అడగండి. అక్కడ నేను చూసేది ఒక్కటే, పెన్ను ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంది అని. చెప్పేవాళ్లే రాసుకుంటూ పోతుంటే, ఎంత గొప్పగా చెప్పినా నేను నమస్కారం పెట్టి వచ్చేస్తాను. ‘ఇప్పుడు చేయలేనిది నెల తర్వాత మా అమ్మాయి ఏం చేయగలుగుతుంది’ అని వాళ్లను అడగండి. ‘మార్కులు పెరుగుతాయి’ అనేది దీనికి జవాబు కాదు. క్లాసు మా ఇంట్లో హాల్లోనే, తలుపు తీసి, పెద్దవాళ్లు తిరుగుతున్న చోట జరగాలని మొదటిరోజే చెప్పాను. ఎవరి మీదా అనుమానంతో కాదు. ఈ నియమం మర్యాదస్తులను నొప్పించదు. నొచ్చుకున్నవాళ్లు ఒకరు తగిలారు, వాళ్లను మేము పెట్టుకోలేదు.

మేడ మీది అమ్మాయి కాగితాలు మడతపెట్టిస్తూ ఐదు వారాలు భిన్నాలే చెప్పింది. నాకు లోపల ఆదుర్దాగా ఉండేది, బడిలో పాఠాలు ముందుకు పోతున్నాయి కదా అని. ప్రతి క్లాసు మొదట్లో పుస్తకం మూయించి, కిందటిసారి ఏం నేర్చుకున్నావో చెప్పమనేది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం గురించి తెలిశాక ఆ అలవాటు విలువ నాకు అర్థమైంది. చదివినదాన్నే మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు. పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వారం తర్వాత వాళ్లను దాటిపోయారు. మా పాత ట్యూషన్‌లో తళతళలాడిన నోటు పుస్తకం ఆ ఐదు నిమిషాల బాపతు.

ఇక మీ అబ్బాయి సంగతి. వాడికి ట్యూషన్ వద్దు, దయచేసి వద్దు. బడి పాఠమే మళ్లీ వినిపిస్తే విసుగు రెట్టింపవుతుంది. మా వాడికి మూడు చోట్ల దారి దొరికింది. ఒకటి గ్రంథాలయం. అక్కడ పిల్లల అలమర ఉంది కానీ పిల్లలు లేరు. శనివారం గంటసేపు కథలు చదువుకుంటామని గ్రంథపాలకురాలిని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. మొదటివారం వచ్చింది నలుగురే, అందులో ఇద్దరు మా వాళ్లే. గోల చేసి పెద్ద పాఠకుల చేత చీవాట్లు కూడా తిన్నారు. వేళ మార్చాక సర్దుకుంది. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో అనేక భాషల్లో ఉచితంగా దొరికే కథలు మాకు అక్కరకొచ్చాయి. రెండోది స్క్రాచ్, 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు విడుదల చేసిన ప్రోగ్రామింగ్ పరికరం. అదీ ఉచితమే. ముక్కలను బొమ్మరిల్లులా పేర్చి ఆటలు తయారుచేయొచ్చు. మూడోది మా వీధి చివర ఉండే రిటైరైన ఎలక్ట్రీషియన్ తాతగారు. పాత రేడియోలు, గడియారాలు పిల్లల చేత విప్పించేవారు. పాత టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్ల జోలికి మాత్రం పోనిచ్చేవారు కాదు. ప్లగ్గు తీసినా వాటి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండొచ్చట. మా వాడు ఇంటికొచ్చి ఆ సంగతి మాకే పాఠంగా చెప్పాడు.

ఐదు కుటుంబాలం కలిసి, రోజుకొకరు చొప్పున పిల్లలందరినీ కూర్చోబెట్టే ఏర్పాటు కూడా చేసుకున్నాం. పదకొండో వారంలో అది కూలిపోయింది. గొడవేమీ కాలేదు. ఎప్పటిదాకా అన్నది అనుకోకపోవడం వల్ల ఒక్కొక్కరూ మొహమాటంగా జారుకున్నారు. రెండోసారి ఆరు వారాలకే అనుకున్నాం, ముగిశాక ఇష్టమైనవాళ్లే కొనసాగొచ్చు అన్నాం. ఈసారి అందరూ నిలిచారు. లెక్కలు వచ్చిన తల్లిదండ్రులు లేరని బెంగపడకండి. ఒకాయన పిల్లలకు చదరంగం తప్ప ఇంకేమీ నేర్పలేదు, ఆయన రోజుకే పిల్లలు ఎక్కువ వచ్చేవారు.

ఆ గుంపులోనే మా అమ్మాయిని నాలుగో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పమన్నాం. ముందురోజు రాత్రి పన్నెండు దాకా కాగితాలు కత్తిరిస్తూ కూర్చుంది. పిల్లలే పిల్లలకు చెప్పే కార్యక్రమాల మీద వచ్చిన 65 అధ్యయనాలను 1982లో కోహెన్, కులిక్, కులిక్ అనే ముగ్గురు పరిశోధకులు పరిశీలించి, నేర్చుకున్నవాళ్లతో పాటు నేర్పినవాళ్లు కూడా ఆ విషయంలో మెరుగయ్యారని తేల్చారు. ఇది నాకు తెలిసింది చాలా తర్వాత. అప్పుడు గమనించింది ఏమిటంటే, నాలుగో తరగతి పిల్లవాడొకడు ‘ఎనిమిదే కదా పెద్దది’ అన్నప్పుడు మా అమ్మాయి నవ్వలేదు, మారుమాట్లాడకుండా ఒక కాగితం వాడి చేతికిచ్చి మడవమంది.

మీ అమ్మాయి ఆ పది లెక్కల్లో ఎక్కడ ఆగిందో చూసి చెప్పండి. భిన్నాల దగ్గరే అయితే, ఏ మడత తర్వాత ఏ ప్రశ్న అడగాలో మేడ మీది అమ్మాయి రాసిచ్చిన చీటీ నా దగ్గర ఇంకా ఉంది, చూసి రాస్తాను.