కింది పళ్ళ సెట్టుకు తాత్కాలిక ఇంప్లాంట్లు అవసరమా?

శాశ్వత ఇంప్లాంట్లు (సెట్టును పట్టి ఉంచడానికి దవడ ఎముకలో బిగించే మరల్లాంటి లోహపు ముక్కలు) ఎముకలో కుదురుకునే దాకా పళ్ళ సెట్టు కదలకుండా తాత్కాలిక ఇంప్లాంట్లు వేయించుకోవాలా, ఎలాగూ తీసేసేవాటికి అంత ప్రయాస ఎందుకు అని మీరు అడిగారు. పై దవడకైతే నేను పట్టుబట్టను, ఎందుకంటే పై సెట్టు అంగిలిని అంటిపెట్టుకుని ఆ పట్టుతోనే చాలావరకు నిలుస్తుంది. కింది దవడకు మాత్రం తప్పక వేయించుకోవాలి. అక్కడ ఆ ఆసరా లేదు, పైగా నాలుక మాటిమాటికీ సెట్టును ఎత్తేస్తుంది.

పళ్ళు తీయించుకున్న తొమ్మిదేళ్ళలో నా కింది ఎముక బాగా అరిగిపోయింది. ఒక రాత్రి మనవరాలికి కథ చదివి వినిపిస్తుండగా, ‘ల’, ‘ళ’ వచ్చిన ప్రతిచోటా నాలుకతోపాటు సెట్టు కూడా లేచి పై పళ్ళకు టక్కున తగలసాగింది. నేను దానిని బొటనవేలితో అదిమి మళ్ళీ చదవబోతే, ఆ పిల్ల పుస్తకాన్ని మెల్లగా తన ఒళ్ళోకి లాక్కుని, ‘తాతయ్యా, నేను చదువుతాను, నువ్వు విను’ అన్నది. ఆ మరుసటి వారమే నేను ఇంప్లాంట్లకు ఒప్పుకున్నాను.

శాశ్వతమైనవి రెండు వేసిన పూటే, వాటికి ఎడంగా సన్నని తాత్కాలిక ఇంప్లాంట్లు నాలుగు దింపారు. మామూలు ఇంప్లాంటు సుమారు 4 మిల్లీమీటర్ల లావుంటే, ఇవి 2 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటాయి. చిగురు పైకి చిన్న పూసలాంటి తల మాత్రమే కనిపిస్తుంది. సెట్టు అడుగున గుంటలు తొలిచి, లోపల రబ్బరు రింగులున్న లోహపు మూతలు బిగించారు. నోట్లో పెట్టుకుని అదమగానే అది టిక్కుమని కూర్చున్నది, నాలుకతో ఎంత నెట్టినా కదలలేదు.

అయితే మాట్లాడే సౌకర్యం కంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. కింది ఎముక శాశ్వత ఇంప్లాంట్లను పట్టుకోవడానికి సాధారణంగా మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆలోగా సెట్టు వాటి మీద ఆని కదిలిస్తూ ఉంటే, ఎముకకు బదులు మెత్తని కణజాలం చుట్టూ పెరిగి ఇంప్లాంటు ఊడిపోవచ్చు. తాత్కాలికమైనవి ఆ బరువును తమ మీద వేసుకుంటాయి. నా సెట్టులో శాశ్వతమైనవి ఉన్న చోట అడుగున గీకి ఖాళీ వదిలింది కూడా అందుకే.

నాకు కోపం తెప్పించిన విషయం ఏమిటంటే, ఆ నెలలను డాక్టర్లు ‘వేచి ఉండే కాలం’ అని ఒక్క ముక్కలో దాటేస్తారు, ఆ కాలమంతా రోగి తినాలి, మాట్లాడాలి, నలుగురిలో కూర్చోవాలి అన్నది వారికి పట్టదు. అంతకుముందు నన్ను ఏళ్ళ తరబడి అంటింపు పేస్టులతో సరిపెట్టారు. పళ్ళు లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా భావించాలని 2002లోనే కెనడాలోని మాంట్రియల్‌లో నిపుణులు తేల్చి చెప్పారు. నాకు ఆ మాట చెప్పినవారు ఒక్కరూ లేరు.

ఇబ్బందులు లేవని నేను అనను. మూడో నెలలో నాలుగింటిలో ఒకటి వదులై తీసేయవలసి వచ్చింది, రబ్బరు రింగులు ఒకసారి మార్పించాను, అన్ని నెలలూ మెత్తని ఆహారమే తిన్నాను. ఒప్పుకునే ముందు స్కాన్ చూపించి, శాశ్వతమైనవాటికి తగలకుండా ఈ సన్నవాటికి చోటు ఉన్నదా, ఎముక వెడల్పు సరిపోతుందా అని అడగండి. ఒకటి వదులైతే మిగిలినవి సెట్టును మోయగలవా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.