సదరం సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు, రాజీనామా ఇవ్వమంటున్నారు: బెంగళూరు ప్రైవేటు కంపెనీ మీద ఏం చేయొచ్చు?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. మీ చెల్లెలికి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలికి క్యాలిపర్ ఉంది. ఒంగోలులో ఇచ్చిన సదరం సర్టిఫికెట్‌లో 55 శాతం అని ఉంది. తను టెస్టింగ్ చేసే కంపెనీ వైట్‌ఫీల్డ్ నుంచి బెళ్లందూరుకి మారింది. కొత్త బిల్డింగు గుమ్మం ముందు మూడు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. వారానికి ఐదు రోజులూ రావాల్సిందే అంటున్నారు. ఇంటి నుంచి చేస్తానంటే హెచ్ఆర్ వాళ్లు "ఆంధ్రా సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు, కష్టంగా ఉంటే రిజైన్ చేయండి" అన్నారు. కేసు వేయొచ్చా అని అడిగారు.

వేయొచ్చు. అయితే ఈ పూటే తనకి ఫోన్ చేసి ఒక మాట చెప్పండి: రాజీనామా మీద సంతకం పెట్టొద్దు, పోర్టల్‌లో ఆ బటన్ నొక్కొద్దు. "సొంత కారణాల వల్ల" అన్న ఒక్క ముక్క తన రాతలో వాళ్ల చేతికి చిక్కితే, ఆ తర్వాత ఎంత పెద్ద లాయరుని పెట్టినా ముందు దాన్ని కొట్టేయించడానికే నెలలు పడుతుంది. గదిలో కూర్చోబెట్టి ఒత్తిడి చేస్తే, ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాలి: "ఈ రోజు నాలుగు గంటలకి ఫలానా వారి సమక్షంలో నన్ను రాజీనామా చేయమన్నారు. నాకు ఆ ఉద్దేశం లేదు, పనిలో కొనసాగుతాను." ఇంతే చాలు, కోపం చూపించక్కర్లేదు. ఆ మెయిల్‌కి సొంత ఐడీని బీసీసీలో పెట్టుకోవాలి. కంపెనీ ఫైళ్లు, క్లయింటు వివరాలు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. తీసేయడానికి సాకు వెతుకుతున్నవాళ్లకి మనమే సాకు అందించినట్టవుతుంది.

సర్టిఫికెట్ సంగతి తేలిక. వికలాంగుల హక్కుల చట్టం 2016 సెక్షన్ 58 ప్రకారం ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. 1995 నాటి పాత చట్టం కింద ఇచ్చినవి కూడా వాటి మీద రాసిన గడువు వరకు చెల్లుతాయి. యూడీఐడీ కార్డు (వికలాంగులకి దేశమంతటికీ ఒకటే ఉండే గుర్తింపు కార్డు) ఉంటే అదీ జతచేయండి, 55 శాతానికి పసుపు గీత కార్డు వస్తుంది. మనవాళ్లకి అసలు చిక్కు వచ్చేది పేరు దగ్గర. సదరంలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, కంపెనీ రికార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. "ఇది మీ సర్టిఫికెట్టే అని ఏమిటి గ్యారంటీ" అని అక్కడ మెలిక పెడతారు. మూడు చోట్ల ఉన్న పేర్లూ ఒకే మనిషివని స్టాంపు పేపర్ మీద నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకుంటే ఆ నోరు మూతపడుతుంది.

ఇప్పుడు అసలు పని, ఉత్తరం. ఇలాంటి కేసులు చాలావరకు నిలబడేదీ పడిపోయేదీ దీని మీదే. నోటితో అడిగి, నోటితో కాదనిపించుకుని వికలాంగుల కమిషనర్ (ఇలాంటి ఫిర్యాదులు వినే రాష్ట్ర అధికారి) దగ్గరికి వెళ్తే, కంపెనీ వాళ్లు "మమ్మల్ని అసలు అడగనే లేదు" అంటారు. ఉత్తరం హెచ్ఆర్‌కి కాపీ పెట్టి, కంపెనీ అధిపతి పేరు మీద రాయాలి. ఎందుకంటే ఆ చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల్లో మూడోది జవాబు చెప్పే బాధ్యతని ఆయన మీదే పెట్టింది. ఫిర్యాదు అందాక ఆయన చట్టప్రకారం చర్య తీసుకోవాలి. లేదంటే తాము చేస్తున్నది న్యాయమైన అవసరానికి తగిన మేరకే ఉందని ఎలా అంటున్నారో రాతలో చెప్పాలి. మౌనంగా ఊరుకోవడానికి వీల్లేదు.

ఏ సెక్షన్లు రాయాలన్న దగ్గర చాలామంది తప్పు చేస్తారు. నెట్‌లో దొరికే నమూనాలన్నీ సెక్షన్ 20 అంటాయి. అందులో ఉద్యోగులకి సర్దుబాట్లు చేయాలన్న భాగమూ, సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదన్న భాగమూ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తాయి. ప్రైవేటు కంపెనీకి అది రాస్తే వాళ్ల లాయరు ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తాడు. మీరు పట్టుకోవాల్సింది సెక్షన్ 3, అంటే వైకల్యం కారణంగా వివక్ష కూడదన్నది. దాంతోపాటు సెక్షన్ 2లో వివక్షకి ఇచ్చిన నిర్వచనం. రీజనబుల్ అకామడేషన్, అంటే మనిషి అవసరానికి తగిన సర్దుబాటు, నిరాకరించడం కూడా వివక్షేనని ఆ నిర్వచనంలోనే ఉంది. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సర్దుబాటు హక్కు 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లకి మాత్రమే కాదని తేల్చింది. మీ చెల్లెలికి 55 ఉంది కాబట్టి ఆ పేచీయే లేదు.

కంపెనీ తప్పించుకోవడానికి ఎక్కువగా పట్టుకునే దారి: "ఇది మాకు మోయలేని భారం" అనడం. అందుకే ఒకే కోరిక కోరకుండా మూడు దారులు చూపించాలి. మొదటిది, నాలుగు రోజులు ఇంటి నుంచి, ఒక రోజు ఆఫీసు, మూడు నెలలు ప్రయోగంగా. రెండోది, ఇంటి నుంచి గుమ్మం దాకా క్యాబ్, కింది అంతస్తులో సీటు. మూడోది, మెట్లకి రెయిలింగ్, ర్యాంపు. మూడింటినీ భారమనడం ఎవరికైనా కష్టం. నిబంధన 3 ప్రకారం ఈ సర్దుబాటు ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదు, ఆ మాట కూడా రాయండి. డాక్టరు లేఖలో జబ్బు పేరుతో సరిపెట్టకుండా, పట్టు లేకుండా మెట్లు ఎక్కలేదు, ఇంత సేపటికి మించి నిలబడలేదు అని పనికి సంబంధించిన పరిమితులు రాయించండి.

ర్యాంపు గురించి కొంచెం వివరంగా చెప్తాను, కంపెనీలు ఎక్కువగా ఇక్కడే మోసం చేస్తాయి. ఒక్కో మెట్టు ఆరంగుళాలు అనుకుంటే, మూడు మెట్లకి పద్దెనిమిది అంగుళాల ఎత్తు. వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు, అంటే పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. గుమ్మం ముందు అంత చోటు లేదని ఆరడుగుల ఇనప రేకు వాల్చి, ఫోటో తీసి "ర్యాంపు పెట్టాం" అంటారు. క్యాలిపర్, చంకకర్రతో నడిచే మనిషికి, వాన పడిన రోజున, ఆ రేకు మెట్ల కంటే ప్రమాదం. తనకి రెండు వైపులా 760, 900 మిల్లీమీటర్ల ఎత్తుల్లో గట్టి రెయిలింగ్ ఉండటమే ఎక్కువ ముఖ్యం కావచ్చు. తననే అడిగి రాయండి. టేపు పెట్టి మెట్టు ఎత్తు, తలుపు వెడల్పు (900 మిల్లీమీటర్లు ఉండాలి) కొలిచి, అంకె కనిపించేలా ఫోటోలు తీసి జతచేయండి.

అదే ఉత్తరంలో సెక్షన్ 21 కింద కంపెనీ సమాన అవకాశాల విధానం కాపీ, అది కమిషనర్ దగ్గర రిజిస్టరు చేసిన రుజువు, లైజన్ ఆఫీసరు (వైకల్యం ఉన్న ఉద్యోగుల సంగతులు చూసే అధికారి) పేరు అడగండి. ఇరవైమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులుంటే ఆ ఆఫీసరు ఉండి తీరాలి. చాలా కంపెనీల దగ్గర ఇవేవీ ఉండవు. ఈ ఉల్లంఘనకి సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. చాలాసార్లు ఈ ఒక్క ప్రశ్నకే హెచ్ఆర్ స్వరం మారుతుంది.

పదిహేను రోజుల గడువు పెట్టండి. జవాబు రాకపోయినా, కాదన్నా, కర్ణాటక వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. తేదీల వరసలో జరిగినవి, కోరుతున్న పరిష్కారం, నంబర్లు వేసిన కాగితాలు పెట్టి కన్నడంలో గానీ ఇంగ్లీషులో గానీ రాసి, స్పీడ్ పోస్టులో ఒకటి, మెయిల్‌లో ఒకటి పంపండి. అరవై రోజుల్లో తేల్చాలని నిబంధన ఉంది, కానీ ఆలస్యాలు మామూలే. వాయిదా తప్పకుండా వెళ్లాలి.

కమిషనర్‌కి మనుషుల్ని, రికార్డుల్ని పిలిపించే సివిల్ కోర్టు అధికారాలున్నా, ఇచ్చేది సిఫార్సు. ఉద్యోగంలోంచి తీసేయడాన్ని తాత్కాలికంగా ఆపమని స్టే ఇచ్చే అధికారం కమిషనర్‌కి లేదని 1995 చట్టం కింద సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. కాబట్టి తొలగింపు నోటీసు చేతికొస్తే కమిషనర్ కోసం ఎదురుచూడకుండా ఆ వారమే లాయరుని కలవాలి. వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా వస్తుంది. సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల అనే భవనంలో రాష్ట్ర న్యాయ సేవల సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. అక్కడ తెలుగు అర్థమయ్యే లాయరు కావాలని అడగడానికి మొహమాటపడొద్దు.