శీలావతి చేప ముల్లు పంటి చిగురులో దిగింది, ఎంగిలి కంచంలో తింటే వైరస్ ఎక్కుతుందా?

నెల్లూరు నుంచి అడిగిన ప్రశ్న ఇది: పులుసు తింటుంటే చిగురులో ముల్లు గుచ్చుకుంది, అదే కంచంలో పెదవి మీద హెర్పిస్ పొక్కులున్న బావగారు కూడా కలిపి తిన్నారు, భయపడాలా?

కంచం గురించి కాదు, చిగురు గురించి ఆలోచించండి. బుగ్గ లోపలి పొర గట్టి గోడ. 40, 50 వరసల కణాలు, 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల మందం. పై వరసలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి, మీద వాలిన వైరస్‌లో చాలావరకు వాటితోపాటే పోతుంది. అసలు బలహీనత పంటిని చిగురు పట్టుకునే అంచు దగ్గరుంది. అక్కడ పొర కిందికి దిగేకొద్దీ పలచబడి, అడుగున ఒకటి నుంచి మూడు వరసలే మిగులుతాయి. కణాల మధ్య సందులూ ఎక్కువే. టాన్సిల్ గుంటల్లోని పొర కూడా జల్లెడ లాంటిదే.

శీలావతి ముల్లు రెండు పాయలుగా చీలి సన్నగా ఉంటుంది, ఆ వరసలన్నీ దాటి అడుగు పొర దాకా దిగుతుంది. పులిపిర్లు, కొన్ని గొంతు క్యాన్సర్లు తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కి కావలసింది ఆ దారే. అడుగు కణం అందకపోతే అది ఏమీ చేయలేదు. హెర్పిస్ అయితే నెక్టిన్-1 అనే ప్రోటీన్‌ను పట్టుకుని కణంలోకి దూరుతుంది. గాయం లేని పొరలో ఆ ప్రోటీన్ కణాల అతుకుల మధ్య దాగి ఉంటుంది, గీత పడితే బయటపడుతుంది. తర్వాత నరం వెంట కణత దగ్గరి నరాల ముడికి చేరి జీవితాంతం అక్కడే ఉంటుంది. ప్రపంచంలో 50 ఏళ్ళ లోపు వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతుల మందికి అది ముందే ఉంది, బహుశా మీకూ. కంచం కన్నా పెదవి తగలడమే ప్రధానమైన దారి. పొక్కులున్నప్పుడు బావగారు పసిబిడ్డను మాత్రం ముద్దాడకూడదు, అది ప్రాణం మీదకు తెస్తుంది.

ఇటుక పొడితో, గట్టి బ్రష్‌తో రక్తం వచ్చేదాకా తోమడం, సున్నం నలిపిన పొగాకు చిగురు సందున పెట్టడం, ఇవి రోజూ ముల్లు గుచ్చుకోవడం లాంటివే. ప్రకాశం వైపు పెద్దవాళ్ళతో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీలు వాల్చి రెండు నిమిషాలు తోమండి.

ఇప్పటికి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి పుక్కిలించండి. ముల్లు గొంతులో ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగొద్దు, ఇంకా లోతుకు దిగుతుంది, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పుండు రెండు వారాల్లో మానకపోతే పళ్ళ డాక్టరుకు చూపించండి.