యూఎస్‌పీఏ లైసెన్స్ ఉంటే విశాఖ ఆర్కే బీచ్ మీద స్కైడైవింగ్ చేయొచ్చా?

ఆ ఒక్క కార్డుతో చేయలేరు: అమెరికా స్కైడైవింగ్ జాతీయ సంస్థ యూఎస్‌పీఏ ఇచ్చే లైసెన్స్ మీకు దూకడం వచ్చని చెబుతుంది గానీ, ఎక్కడ దూకాలో అనుమతి ఇవ్వదు. అది సభ్యుల సంఘం, ప్రభుత్వ శాఖ కాదు. శిక్షణ, బోధకుల అర్హతలు, భద్రతా నియమాలు దాని పని. మొదటిదైన ఎ లైసెన్స్‌కి కనీసం 25 సార్లు దూకి ఉండాలి. ఆ స్థాయివాళ్లు 3,000 అడుగుల కిందికి జారకముందే పారాచూట్ తెరవాలి. దూకే చోటు సముద్రానికి మైలు లోపుంటే, ఒంటరిగా దూకే శిక్షణార్థులు, గుండ్రటి పారాచూట్ వాడేవాళ్లు నీటిపై తేల్చే సాధనం కూడా వేసుకోవాలి. బీచ్ అంటే ముచ్చటపడేవాళ్లకి ఇదొక్కటీ గుర్తుండదు!

విమానం, గగనతలం మాత్రం ప్రభుత్వాల చేతిలోవే. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, మన దేశంలో డీజీసీఏ. విశాఖ సంగతే చూడండి: ఇక్కడి రన్‌వే నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాది. వాళ్లు సరేననకుండా ఊరి మీద ఎవరినీ దూకనివ్వరు.

నేవీ డే విన్యాసాల్లో కమాండోలు పారాచూట్లతో దిగడం చూసి, లైసెన్స్ ఉన్నవాళ్లందరికీ ఆ వీలుందనుకుంటారు. కానీ ఆ కమాండోలు దూకేది ముందే అనుమతులు తీసుకుని, ఆ సమయానికి ఖాళీ చేయించిన ఆకాశంలో.