ఫ్యాషన్ బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తూనే తన దేశాన్ని కళలోకి తెచ్చుకున్న ఇరానియన్ వలస కళాకారులు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. చాలామందే ఉన్నారు గానీ, మీరు రాసింది చదివాక నాకు ఒక్కావిడే గుర్తొచ్చారు: మోనీర్ షారూదీ ఫర్మాన్‌ఫర్మాయాన్.

మీరు పగలంతా బట్టల కంపెనీకి స్కెచ్‌లు వేసి, రాత్రిళ్లు అమ్మ చీరల అంచులూ పెళ్లి ఫోటోలూ అతికించి కొలాజ్‌లు చేస్తున్నానన్నారు. ఎవరో చూసి "ఇది ఆర్టు కాదమ్మా, క్రాఫ్టు" అన్నారని బాధపడ్డారు. నేనూ టెక్స్‌టైల్ డిజైన్ చదివి, చాలాకాలం ప్రింట్ స్టూడియోల్లో పనిచేసినదాన్నే. ఆ మాట నేనూ పడ్డాను. అందుకే కొంచెం వివరంగా చెప్తాను, ఓపిక చేసుకోండి.

మోనీర్ 1922లో కజ్వీన్‌లో పుట్టారు. టెహ్రాన్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు ఆవిడ మనసంతా పారిస్ మీదే. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. ఓడెక్కి న్యూయార్క్ చేరారు. అక్కడ పార్సన్స్ అనే డిజైన్ కాలేజీలో చదివింది ఫ్యాషన్ ఇలస్ట్రేషన్, అంటే బట్టల బొమ్మలు గీయడం. పత్రికలకి విడిగా బొమ్మలు వేసిచ్చారు, తర్వాత బాన్‌విట్ టెల్లర్ అనే పెద్ద షాపులో పనిచేశారు. ఆ షాపు సంచుల మీద అప్పట్లో కనిపించిన వయొలెట్ పూలు ఆవిడ గీసినవే. అదే షాపుకి పనిచేసిన ఇంకో కుర్రాడు ఆండీ వార్హోల్, తర్వాత పాప్ ఆర్ట్‌తో ప్రపంచమంతా పేరు మోగిన ఆయనే. అప్పటికి ఆయన బూట్ల ప్రకటనలకి బొమ్మలు గీసుకుని బతుకుతున్నాడు. ఆయన షాపు పని గురించి ఇవాళ ఎవరైనా సంజాయిషీ అడుగుతారా? అదంతా "తొలి అడుగులు" అంటూ మ్యూజియంలో పెడతారు. అదే ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి "ముందు ఫ్యాషన్‌లో ఉండేదట" అని దీర్ఘం తీస్తారు.

1957లో ఇరాన్ తిరిగి వెళ్లాక ఆవిడ ఊళ్లు పట్టుకు తిరిగారు. కాఫీ హోటళ్ల గోడలకి వేలాడే కథల బొమ్మలు, తుర్క్‌మెన్ నగలు, గాజు వెనక వేసిన చిత్రాలు పోగుచేశారు. ఒకసారి షిరాజ్‌లోని షా చెరాగ్ దర్గాకి వెళ్లారు. దాని లోపల గోడలూ పైకప్పూ అంతా అద్దం ముక్కలే. అక్కడినుంచే ఆవిడ పని వేరే దారి పట్టింది. అయితే దర్గాని చూసొచ్చి కాన్వాస్ మీద దాని బొమ్మ వేయలేదు. హాజీ ఉస్తాద్ మొహమ్మద్ నవీద్ అనే అద్దాల పనివాడితో కలిసి కూర్చున్నారు. వృత్తాన్ని కంపాస్‌తో ఆరు భాగాలు చేసి బిందువులు కలిపితే షడ్భుజి వస్తుంది. అందులోంచి త్రిభుజాలు, వాటిలోంచి నక్షత్రాలు ఎంతకైనా సాగదీయొచ్చు. బట్ట మీద ప్రింట్‌కి రిపీట్ (ఒకే డిజైన్ అతుకు తెలియకుండా మళ్లీ మళ్లీ వచ్చేలా పేర్చడం) వేసే అలవాటున్నవాళ్లకి ఇది చూడగానే ఎక్కేస్తుంది. షాపు పని వృథా పోలేదని నేను గట్టిగా అనేది ఇందుకే.

2015లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆవిడ అద్దాల పనీ డ్రాయింగులూ పెట్టినప్పుడు వెళ్లి చూశాను. దూరం నుంచి అంతా ఒకే పలకలా మెరుస్తుంది. దగ్గరికెళ్తే ఒక్కో ముక్కా ఒక్కో వాలులో ఉంటుంది. నా మొహం ఎక్కడా పూర్తిగా కనిపించలేదు. ఒకచోట కన్ను, ఇంకోచోట మెరూన్ శాలువా రంగు. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నగా ప్లాస్టర్ గీత. ఆ గీతలు అన్నిచోట్లా ఒకే మందంలో లేవు, చేత్తో అతికించారని అక్కడే పట్టేయొచ్చు. "ఇస్లామిక్ జ్యామితి, పాశ్చాత్య మినిమలిజం కలయిక" అని ఆవిడ గురించి ఎక్కడ చూసినా రాస్తుంటారు. (మినిమలిజం అంటే అనవసరమైనదంతా తీసేసి సాదా ఆకారాలతో చేసే కళ.) తప్పని అనను గానీ, రెండు సీసాల్లోంచి చెరికాస్త పోసి కలిపినట్టు చెప్తే ఆ వర్క్‌షాపులో కూర్చున్న ఏళ్లకి లెక్కే లేకుండా పోతుంది. (హైదరాబాద్ వెళ్లినప్పుడు పాతబస్తీలో బాద్‌షాహీ అషూర్‌ఖానా చూసి రండి. కుతుబ్‌షాహీల కాలం నాటి రంగు పలకల పని, ఇరాన్ పద్ధతిదే. మనకి ఇరాన్ అంటే చాయ్ ఒక్కటే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.)

ఇక మీకు ముఖ్యమైన సంగతి, కొలాజ్. 1979లో ఇరాన్‌లో ఇస్లామిక్ విప్లవం వచ్చేసరికి ఆవిడ న్యూయార్క్‌లో ఉన్నారు. తిరిగి వెళ్లడానికి లేకుండా పోయింది. ఇరాన్‌లో ఇంట్లో ఉన్న సొంత పనులు, పోగుచేసిన జానపద కళ చాలామటుకు జప్తయ్యాయి, కొన్ని నాశనమయ్యాయి. న్యూయార్క్‌లో ఆ అద్దాలు కోసే చేతులు దొరకవు, పెద్ద స్టూడియో లేదు. దాంతో కాగితం మీద డ్రాయింగులు, కొలాజ్‌లు, తివాచీ డిజైన్లు చేశారు. 1991లో భర్త పోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకి చేసిన చిన్న చిన్న పెట్టెలున్నాయి. అరలు అరలుగా ఉంటాయి, వాటిలో పాత ఫోటోలు, ముద్రించిన బొమ్మలు, ఏవో చిన్న వస్తువులు. గుండెకోత పెట్టెలన్నమాట. మీ పెళ్లి ఫోటోల కొలాజ్‌లకి ఆవిడ పనుల్లో అన్నిటికంటే దగ్గరి చుట్టాలు ఇవే. పెద్ద అద్దాల పలకల ముందు ఇవి బక్కగా కనిపిస్తాయని ఒప్పుకుంటాను. నాకైతే ఇవే ఇష్టం.

2004లో టెహ్రాన్ తిరిగి వెళ్లి, ఎనభై దాటాక మళ్లీ పనివాళ్లని కూర్చోబెట్టుకుని అద్దాలు మొదలుపెట్టారు. 2017లో టెహ్రాన్‌లోనే ఆవిడ పేరు మీద మ్యూజియం తెరిచారు. 2019లో పోయారు. ఇంకోమాట కూడా చెప్పాలి: ఆవిడది కలిగిన కుటుంబం, భర్త ఒకప్పుడు ఇరాన్‌ని ఏలిన కజార్ రాజవంశీకుల ఇంటివాడు. పనివాళ్లని పెట్టుకునే స్తోమత మీకూ నాకూ ఉండదు. కాబట్టి ఆవిడ జీవితాన్ని కాకుండా పద్ధతిని తీసుకోండి.

పద్ధతి అంటే, నాకు తెలిసినంతలో: చీర అంచుని "ఇదిగో మా సంస్కృతి" అని కాగితం మధ్యలో అంటించేస్తే చూసేవాళ్లు "బాగుంది, కలర్‌ఫుల్‌గా ఉంది" అని పక్కకెళ్లిపోతారు. ఆ అంచు ఎలా నేశారో చూడండి. గద్వాలో ఉప్పాడో మీ అమ్మనే అడగండి. ఒంటికీ అంచుకీ అతుకు ఎక్కడ పడిందో, బుటా ఎంత దూరానికోసారి వస్తుందో కొలవండి. ఆ కొలతల మీదే ఫోటోని కోసి పేర్చి చూడండి. నేను వెంకటగిరి చీరతో అలా చేశాకే నా కొలాజ్‌లు గ్రీటింగ్ కార్డుల్లా కనిపించడం మానేశాయి.

పనికొచ్చే చిట్కాలు కూడా చెప్పేస్తాను. అసలు ఫోటోలు కత్తిరించకండి, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీసి వాడండి. జరీ అంచుకి జిగురు పూస్తే మరక పైకొస్తుంది, తర్వాత తీయాలన్నా రాదు. సన్నని సూదితో అట్టకే కుట్టేయండి, మీకు చేతనైన పనేగా. కాగితానికి మాత్రం గోధుమ గంజి జిగురు వాడండి, తేడా వస్తే తడిపి ఊడదీయొచ్చు.