ఈమెయిల్ సంతకం కింద సూక్తి ఎందుకు వద్దంటాను

ఉద్యోగంలో కొత్తగా చేరానని, ఈమెయిల్ సంతకం కింద స్ఫూర్తినిచ్చే సూక్తి ఒకటి పెట్టుకోవచ్చా అని మీరు అడిగారు. వద్దనే నేను చెబుతాను. సూక్తుల మీద నాకు చిన్నచూపు లేదు. నెల్లూరులో మా తాతగారి దగ్గర కూర్చుని శతక పద్యాలు కంఠస్థం చేసినవాణ్ణి. ఎవరికి వెళుతోందో, ఏ సందర్భంలో వెళుతోందో చూసుకోకుండా ఆ వాక్యం ప్రతి ఉత్తరానికీ దానంతట అదే అంటుకుపోతుందన్నదే నా అభ్యంతరం.

2015 డిసెంబరు వరదల్లో చెన్నై వేళచ్చేరిలో మేమున్న వీధి నడుము లోతు నీళ్లలో మునిగింది. ఇంట్లో సామానుతో పాటు వాకిట్లో నిలిపిన కారు కూడా పాడైంది. కరెంటు, ఫోన్లు వచ్చాక బీమా సంస్థకు దరఖాస్తు పంపితే, ఇంజన్ మరమ్మతు ఖర్చు మా పాలసీ కిందికి రాదని, అందుకు విడిగా అదనపు రక్షణ తీసుకుని ఉండవలసిందని కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఆ జవాబు చివర, అధికారి పేరుకు దిగువన, నీలిరంగు వాలు అక్షరాల్లో, అలలకు జంకేవాడు ఆవలి ఒడ్డు చేరలేడన్న భావం గల ఇంగ్లీషు సూక్తి ఉంది. గోడల మీద బురద చారలు ఇంకా పోని ఆ ఇంట్లో మా ఆవిడ ఆ వాక్యాన్ని పైకి చదివి, ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. డబ్బు రాలేదన్న బాధ కొన్నాళ్లకు తగ్గింది గానీ, ఆ వాక్యం చేసిన గాయం తగ్గలేదు. తరువాత ఫోనులో మాట్లాడితే ఆ అధికారి ఎంతో మర్యాదస్తుడని తెలిసింది. సైదాపేటలో వారి ఇల్లు కూడా మునిగిందట. ఎదురుగా కూర్చుని ఉంటే ఆయన నాతో ఆ మాట అని ఉండేవారు కారు. ఎన్నడో పెట్టుకున్న సూక్తిని కంప్యూటరు ఆయన తరఫున నాకు పంపింది.

పైగా వీటిలో చాలావాటికి కింద వేసిన పేరుతో సంబంధమే ఉండదు. లోకంలో చూడదలచిన మార్పు నువ్వే కావాలన్న వాక్యం గాంధీగారి పేరు మీద ఎందరి సంతకాల కిందో తిరుగుతోంది. ఆయన రచనల్లో ఆ మాటలు కనిపించవు. మనల్ని మనం మార్చుకోగలిగితే లోకపు ధోరణులు కూడా మారతాయన్న భావంతో 1913లో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో ఆయన రాసినది ఇంతకన్నా నిదానమైన మాట. మహనీయుల పేరు వాడుకునేవారు ఆ కాస్త పరిశీలన చేయకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

చెన్నై సిటీ బస్సుల్లో తిరుక్కురళ్ పద్యాలు రాసి ఉంటాయి. అవి నాకు ఎంతో ఇష్టం. టికెట్టు తీసుకుని కూర్చున్న మనిషికి తీరిక ఉంటుంది, ఆ పద్యం ఏ ఒక్కరినీ ఉద్దేశించి రాసినది కాదు గనుక ఎవరినీ నొప్పించదు. ఉత్తరమైతే ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి రాసేది. అందులో ఉన్న ప్రతి మాటా తనకోసమే అనుకుంటాడు చదివేవాడు.

1995లో వెలువడిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1855, సంతకం నాలుగు పంక్తులు మించకుండా ఉంటే మేలని చెప్పింది. పేరు, హోదా, సంస్థ, ఫోను నంబరుతోనే ఆ నాలుగూ నిండిపోతాయి. మీకు ప్రాణప్రదమైన సూక్తి ఉంటే, అది అవసరమైన మనిషికి రాసేటప్పుడు ఉత్తరం మధ్యలో మీ చేత్తో టైపు చేయండి. అలా కాదు, సంతకంలోనే ఉండాలనుకుంటే, జీమెయిల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ కొత్త ఉత్తరాలకు ఒక సంతకం, జవాబులకు మరొకటి ఎంచుకునే వీలుంది. కనీసం జవాబులకు పేరు, ఫోను నంబరు మాత్రమే ఉంచండి.