ఉపగ్రహం నిలిచిన చోటు ఎవరి ఆస్తి?

ప్రశ్న: డీటీహెచ్ ప్రసారాలు అందించే ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన ఒకేచోట నిలిచి ఉంటుందని చదివాను. నేల ఎవరిదో ఆకాశమూ వారిదే అంటారు కదా. మరి దాని కింద ఉన్న దేశం ఆ చోటికి అద్దె అడగవచ్చా? ఏళ్ల తరబడి వాడుకున్న సంస్థకు ఆ చోటు సొంతమవుతుందా?

జవాబు: అద్దె అడగడానికీ వీల్లేదు, చోటు సొంతమూ కాదు. అయితే మీ సందేహం కొట్టిపారేయదగినది కాదు. 1976లో కొలంబియా, ఈక్వడార్, కెన్యా, ఇండోనేషియా తదితర భూమధ్యరేఖ దేశాలు కొలంబియా రాజధాని బొగోటాలో సమావేశమై, తమ నేలకు ఎగువనున్న భూస్థిర కక్ష్య (నేల మీంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహాలు తిరిగే దారి) భాగం తమదేనని ప్రకటించాయి. మిగతా ప్రపంచం దాన్ని అంగీకరించలేదు.

మీరు ప్రస్తావించిన సూత్రం మధ్యయుగాల నాటిది. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక కోళ్ల పెంపకందారు కేసు వచ్చింది. సైనిక విమానాలు మరీ కిందుగా ఎగరడంతో కోళ్లు బెదిరి గోడలకు కొట్టుకుని చనిపోయాయి. నేలను ఆనుకుని ఉన్న గగనతలం మేరకు ఆయన హక్కును గుర్తించిన కోర్టు, ఆ సూత్రానికి మాత్రం ఆధునిక ప్రపంచంలో చోటు లేదని చెప్పింది. దేశాల విషయానికొస్తే, 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన గగనతలంపై పూర్తి సార్వభౌమాధికారం ఉంది. ఆ గగనతలం ఎంత ఎత్తున ముగుస్తుందో ఏ ఒప్పందమూ తేల్చలేదు గాని, భూస్థిర కక్ష్య ఉండే 35,786 కిలోమీటర్ల ఎత్తు అంతరిక్షమే అనడంలో వివాదానికి తావు లేదు.

అంతరిక్షాన్ని సార్వభౌమత్వం పేరిట గాని, వాడకం వల్ల గాని, ఆక్రమణ వల్ల గాని ఏ దేశమూ తనదిగా చేసుకోరాదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలోని రెండో అధికరణం చెబుతోంది. కాబట్టి నేల తగాదాల్లో వినిపించే స్వాధీనానుభవం వాదన, అంటే ఏళ్ల తరబడి అనుభవిస్తున్నాం కనుక మాదే అనే వాదన, ఇక్కడ చెల్లదు. ఉపగ్రహం మాత్రం, అంతరిక్షంలో ఉన్నంత మాత్రాన యజమాని చేయి జారిపోదని అదే ఒప్పందంలోని ఎనిమిదో అధికరణం కాపాడుతోంది.

మరి వ్యవహారంలో కక్ష్యలో ఉపగ్రహం నిలిచే చోటును స్లాట్ అంటూ ‘స్లాట్ మాది’ అంటారే, అదేమిటి? అది ఐక్యరాజ్యసమితి సంస్థ అయిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వద్ద నమోదైన వినియోగ హక్కు. ఇంటి మీది చిన్న డిష్‌కు పక్కపక్కనే ఉన్న ఉపగ్రహాలను విడదీసి చూసే శక్తి తక్కువ కనుక, టీవీ ప్రసారాల కోసం 1977లోనే దేశాలవారీగా స్థానాలను, పౌనఃపున్యాలను (ప్రసార ఫ్రీక్వెన్సీలను) పంచుతూ ఒక ప్రణాళిక వేశారు. ఆ ప్రణాళికలో లేని పౌనఃపున్యాలకైతే దరఖాస్తు చేసిన 7 సంవత్సరాల్లోగా వినియోగం మొదలుకావాలి, లేకుంటే హక్కు పోతుంది. దరఖాస్తు చేయవలసింది కంపెనీ కాదు, ప్రభుత్వం. ఉపగ్రహాన్ని కొనే సంస్థ ఒప్పందంలో ముందుగా చూడవలసింది, నా అనుభవంలో చాలామంది చూడనిది, ఆ నమోదు ఏ దేశం పేరిట ఉందన్న సంగతి.

ఇక రుసుము మాట. తన ప్రజలకు ప్రసారాలు అమ్ముకునే సంస్థ లైసెన్సు పొందాలని, అందుకు రుసుము కట్టాలని ఏ దేశమైనా చట్టం చేసుకోవచ్చు. అయితే అది తన నేల మీద జరిగే వ్యాపారానికి వసూలు చేసేదే తప్ప కక్ష్యకు అద్దె కాదు. ఆ అధికారం ఉండాలంటే దేశం భూమధ్యరేఖ మీద ఉండనక్కర్లేదు.